హద్దులు మారినప్పుడల్లా ఆగిన స్థానిక ఎన్నికలు

ఒక పంచాయతీని పట్టణంలో కలిపినప్పుడు, ఒక మండలాన్ని రెండుగా విడగొట్టినప్పుడు, ఒక పురపాలక సంఘాన్ని నగరపాలక సంస్థగా పెంచినప్పుడు తెలుగునాట ప్రతిసారీ ఒకే ప్రశ్న పుడుతోంది: ఎన్నికలెప్పుడు? హద్దులు గీసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. ఎన్నిక జరిపే బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘానిది. మొదటి పని ముగిసేదాకా రెండోది కదలదు. పాత పాలకవర్గం దిగిపోయి కొత్తది ఎన్నిక కాని కాలంలో పాలన ప్రత్యేకాధికారి చేతుల్లో ఉంటుంది. ఆ వ్యవధి కొన్ని చోట్ల నెలలు, కొన్ని చోట్ల పదేళ్లకు పైనే. తెలుగు ప్రాంతంలో స్థానిక స్వపరిపాలన చరిత్రలో ఈ ఖాళీ కాలాలకు పెద్ద వాటానే ఉంది.

విశాఖ తీరాన ఉన్న భీమునిపట్నానికి 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలోని తొలి పురపాలక సంఘాల్లో అదొకటి. ఆ రోజుల్లో ఓటు మాట లేదు. సభ్యులను ప్రభుత్వమే నియమించేది. 1882లో వైస్రాయ్ రిప్పన్ తీర్మానం, దాని వెంట 1884లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన స్థానిక బోర్డుల చట్టం, జిల్లా పురపాలక సంఘాల చట్టం ఎన్నిక అనే పద్ధతికి తలుపు తీశాయి. అయినా ఓటు హక్కు పన్ను కట్టే కొద్దిమందికే దక్కింది. కలెక్టరు మాటే చెల్లింది. 1920 చట్టంతో ఎన్నికైన సభ్యుల బలం పెరిగింది. బోర్డును రద్దు చేయడం, కాలం పొడిగించడం, హద్దులు మార్చడం మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి. జిల్లా బోర్డుకూ గ్రామానికీ మధ్యనున్న తాలూకా బోర్డులను 1934లో ఎత్తివేసినప్పుడు ఒక అంచె మొత్తం మాయమైంది. స్థానిక సంస్థ ఉండాలో పోవాలో పైనుంచి నిర్ణయించే అలవాటు అప్పటిది. స్వాతంత్ర్యం తర్వాత కూడా అది పోలేదు.

1959లో షాద్‌నగర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో వేర్వేరుగా ఉన్న గ్రామ పంచాయతీ చట్టాలను 1964 చట్టం ఒకటి చేసింది. అదే ఏడాది ఎన్నికలు జరిగాయి. మళ్లీ 1970లో జరిగాయి. ఆ తర్వాత పల్లెలు సర్పంచులను ఎన్నుకున్నది 1981లోనే. గడువు పొడిగించే అధికారాన్ని చట్టమే ప్రభుత్వానికి ఇచ్చింది కాబట్టి ఆ పదకొండేళ్ల విరామాన్ని చట్టవిరుద్ధమనడానికి వీల్లేదు. హైదరాబాద్ నగరంలోనూ అంతే. 1951లో మాడపాటి హనుమంతరావు తొలి మేయరైన నగరం, 1960లో సికింద్రాబాద్‌ను కలుపుకొని ఒకే కార్పొరేషన్‌గా మారిన నగరం, 1970ల ఆరంభం నుంచి 1986 దాకా కార్పొరేటర్లు లేకుండా గడిపింది.

ఇంతవరకూ జరిగినవి ప్రభుత్వాల ఇష్టానుసారపు వాయిదాలు. పునర్వ్యవస్థీకరణ, ఎన్నిక రెండూ పెద్ద ఎత్తున ఒకేసారి ముందుకొచ్చింది ఎన్టీ రామారావు హయాంలో. 330 సమితులను రద్దు చేసి 1,100కు పైగా మండలాలు ఏర్పాటు చేశారు. 1986లో మండల ప్రజా పరిషత్తుల చట్టం వచ్చింది. 1987 మార్చిలో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ అధ్యక్షులను ప్రజలు నేరుగా ఎన్నుకున్నారు. రాష్ట్రం పటాన్ని అంతగా తిరగరాసిన మార్పు మరొకటి లేదు. అయినా దాని వెనకే ఎన్నిక జరిగిపోయింది. పునర్విభజన ఎన్నికకు అడ్డమని ఆ తర్వాతి ప్రభుత్వాలు చెప్పిన వాదనను 1987 అనుభవంతో పోల్చి చూడాలి. ఆనాడు ఓటర్ల జాబితాలు కంప్యూటర్లలో లేవు.

1993లో రాజ్యాంగం స్థానిక సంస్థలకు అండగా నిలిచింది. 73వ సవరణ ఏప్రిల్ 24న, 74వ సవరణ జూన్ 1న అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు 243ఇ, పట్టణాలకు 243యు అధికరణలు ఒకే మాట చెబుతాయి: పదవీకాలం ఐదేళ్లు, అంతకు మించి పొడిగింపు లేదు, గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలి, మధ్యలో రద్దయితే ఆరు నెలల్లో జరగాలి. అమల్లో ఉన్న చట్టాన్ని సవరించి, ఆ సవరణ సాకుతో పనిచేస్తున్న పాలకవర్గాన్ని గడువుకు ముందే దించడానికీ వీల్లేదు. ఎన్నికల నిర్వహణ స్వతంత్ర రాష్ట్ర ఎన్నికల సంఘానికి దక్కింది. ఆంధ్రప్రదేశ్ 1994లో కొత్త పంచాయతీరాజ్ చట్టం చేసింది, 1995లో ఎన్నికలు జరిపింది.

అయితే రాజ్యాంగం ఒక పనిని రాష్ట్రాల చట్టాలకే వదిలేసింది. గ్రామమంటే ఎంత, నగరమంటే ఎంత, వార్డులెన్ని, ఏ వార్డు ఎవరికి రిజర్వు అనే నిర్ణయాలు ప్రభుత్వాల దగ్గరే ఉండిపోయాయి. ఆ తర్వాతి మూడు దశాబ్దాల వాయిదాల్లో పెద్ద భాగం ఈ వెసులుబాటులోంచే వచ్చింది.

ఒక విలీనం ఎన్నిక తేదీని ఎలా వెనక్కి నెడుతుందో వరుసగా చూస్తే అర్థమవుతుంది. నగరాన్ని ఆనుకుని పది పంచాయతీలు ఉన్నాయనుకుందాం. ముందు వాటిని పంచాయతీల జాబితా నుంచి తొలగిస్తూ ఉత్తర్వు రావాలి. గ్రామసభ పెట్టలేదనో, పంచాయతీ తీర్మానం తీసుకోలేదనో, ఉపాధి హామీ పనులు పోతాయనో, ఇంటి పన్ను పెరుగుతుందనో ఊరివాళ్లు కోర్టుకెళ్తారు. వాళ్ల భయం నిజమైనదే. పట్టణంలో కలిసిన ఊరికి ఉపాధి హామీ పథకం వర్తించదు. ఆ కేసు తేలేలోపు సర్పంచ్ గడువు ముగుస్తుంది, ప్రత్యేకాధికారి వస్తాడు. కేసు తేలాక జనాభా లెక్క ప్రకారం నగరమంతటికీ వార్డులు మళ్లీ గీయాలి. ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు విని, తుది గెజిట్ ఇవ్వాలి. ఒక కాలనీ సగం ఒక వార్డులో, సగం మరో వార్డులో పడిందంటూ ఇంకో పిటిషన్ పడుతుంది. ఆపైన శాసనసభ ఓటర్ల జాబితాను ఇంటి నంబర్ల వారీగా కొత్త వార్డులకు సర్దాలి. వెనుకబడిన తరగతుల ఓటర్లను లెక్కించాలి. ఎస్టీ, ఎస్సీ, బీసీ, మహిళా స్థానాలు ఖరారు చేయాలి. వార్డులే కొత్తవైతే పాత రొటేషన్ ఎక్కడి నుంచి లెక్కించాలన్నది మళ్లీ వివాదమే. ఇవన్నీ ప్రభుత్వం ముగించి పంపాకే ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇవ్వగలదు. ఈ మెట్లలో ఏ ఒక్కటి ఆగినా, ఆపినా, తేదీ ఆగుతుంది. ఆలస్యం కావాలని చేసిందా, తప్పనిసరై జరిగిందా అన్నది బయటివారికి తేల్చడం కష్టం.

విశాఖపట్నం ఈ వరుసనంతా అనుభవించిన నగరం. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పాటైంది. 2007లో 72 వార్డులకు ఎన్నిక జరిగి పాలకవర్గం వచ్చింది. 2012లో దాని గడువు తీరింది. మరుసటి ఏడాది అనకాపల్లిని, భీమునిపట్నాన్ని నగరంలో కలిపారు. దాంతో వార్డుల లెక్క మొదటికొచ్చింది. 2014లో ఉమ్మడి రాష్ట్రంలోని చాలా పట్టణాలకు పురపాలక ఎన్నికలు జరిగినా విశాఖకు జరగలేదు. చివరకు వార్డులు 98 అయ్యాయి, 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. తొమ్మిదేళ్ల పాటు ఆంధ్రప్రదేశ్‌లోని అతి పెద్ద నగరానికి మేయర్ లేడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరాన్ని చిన్నాభిన్నం చేసినప్పుడు వీధి చివర కూలిన చెట్టు గురించి, రాని మంచినీళ్ల గురించి అడగడానికి కార్పొరేటర్ అంటూ ఎవరూ లేరు. 1861 నుంచి తన పేరున పురపాలక సంఘం ఉన్న భీమిలి ప్రజలకైతే పాత కౌన్సిల్ పోయింది, కొత్త కౌన్సిల్‌లో చోటు ఎనిమిదేళ్ల దాకా రాలేదు. ఈ వ్యాసంలోని ఉదాహరణలన్నిటిలో భీమిలికి జరిగిన అన్యాయమే పెద్దది.

మరికొన్ని పట్టణాల కథా ఇదే దారిలో నడిచింది. గుంటూరు పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2012లో పది గ్రామాలు కలిశాయి. ఎన్నిక 2021లో జరిగింది. తిరుపతి 2007లో నగరపాలక సంస్థ అయింది. ఆ హోదాలో తొలి ఎన్నిక చూసిందీ 2021లోనే. రాజమహేంద్రవరం పాలకవర్గం 2019లో దిగిపోగా, 2021లో ఎన్నిక జరగని నగరాల్లో అదొకటి. శ్రీకాకుళానిది వీటికన్నా పెద్ద నిరీక్షణ. అక్కడ ఎన్నికైన కౌన్సిల్ 2010లో ముగిసింది. 2015లో పట్టణాన్ని కార్పొరేషన్‌గా పెంచారు. అటు 2014లోనూ, ఇటు 2021లోనూ అక్కడ పోలింగ్ జరగలేదు.

హైదరాబాద్ విషయంలో నగరం విస్తరించడం, ఎన్నిక వెనకబడటం జంటగా సాగాయి. 1986 తర్వాత కార్పొరేషన్‌కు మళ్లీ ఎన్నిక జరిగింది 2002లో. 74వ సవరణ అమల్లోకి వచ్చిన తొమ్మిదేళ్లకు! అప్పుడు మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు, తీగల కృష్ణారెడ్డి గెలిచారు. 2007 ఏప్రిల్ 16న శివార్లలోని 12 పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. ఎల్.బి.నగర్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్ లాంటివి ఒక్క రోజులో నగరంలో భాగమయ్యాయి. 150 వార్డులు గీసి ఎన్నిక జరిపేసరికి 2009 నవంబరు వచ్చింది. రెండున్నరేళ్ల పాటు ఆ మహానగరానికి అధికారులే పాలకులు. 2014 డిసెంబరులో ఆ కౌన్సిల్ గడువు ముగిశాక వార్డులను 200 చేయాలన్న ఆలోచన వచ్చింది. ఎన్నిక జరపాల్సిందేనని హైకోర్టు పట్టుబట్టింది. చివరకు పాత 150 వార్డులతోనే 2016 ఫిబ్రవరి 2న పోలింగ్ జరిగింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పాత హద్దులతో ఎన్నిక సాధ్యమేనని చివర్లో తేలినప్పుడు, ఆ పని పద్నాలుగు నెలల ముందూ సాధ్యమే. 2020 డిసెంబరు ఎన్నిక మాత్రం గడువుకు ముందే జరిగింది. ఆ కౌన్సిల్‌కు 2026 ఫిబ్రవరి 10 దాకా కాలం ఉండగా, 2025 చివర్లో చుట్టూ ఉన్న మరో 27 పట్టణ స్థానిక సంస్థలను నగరంలో కలిపి వార్డులను 300 చేశారు.

పల్లెల్లో జాప్యానికి హద్దులతో పాటు రిజర్వేషన్ల లెక్క కూడా కారణమైంది. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటరాదని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కె.కృష్ణమూర్తి కేసులో చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో బీసీలకు ఇస్తున్న 34 శాతంతో కలిపి మొత్తం 60 శాతం దాటేది. 2011లో గడువు ముగిసిన సర్పంచుల స్థానాలకు 2013 జులైలో గానీ ఎన్నిక జరగలేదు. ఎంపీటీసీ, జడ్పీటీసీ పోలింగ్ 2014 ఏప్రిల్‌లో, సార్వత్రిక ఎన్నికల హడావుడి మధ్య జరిగింది.

తెలంగాణ ఏర్పడ్డాక పునర్వ్యవస్థీకరణ వేగం పెరిగింది. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 459 మండలాలు 584 అయ్యాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 4,383 కొత్త పంచాయతీలు పుట్టాయి. వాటిలో తండాలు, గూడేలు చాలానే ఉన్నాయి. తమ తండా తామే పాలించుకోవాలని లంబాడీలు ఎన్నో ఏళ్లుగా అడుగుతూ వచ్చారు కాబట్టి ఈ మార్పుకు గట్టి న్యాయమే ఉంది. కానీ 2018 ఆగస్టులో పాత సర్పంచుల గడువు ముగిసేనాటికి రిజర్వేషన్ల లెక్క తేలలేదు. ప్రత్యేకాధికారులు వచ్చారు. మూడు నెలల్లో ఎన్నిక జరపాలని అక్టోబరులో హైకోర్టు ఆదేశించింది. 2019 జనవరిలో మూడు విడతల్లో జరిగింది. కొత్త పంచాయతీగా పుట్టిన తండా తన తొలి ఆరు నెలలూ అధికారి సంతకంతోనే నడిచింది. అదే 2018లో 68 కొత్త పురపాలక సంఘాలు కూడా వచ్చాయి. వాటిలో కలిసిన ఊళ్లకు ఆగస్టులో సర్పంచ్ పోయాడు, కౌన్సిలర్ వచ్చింది 2020 జనవరిలో. ఈ మధ్యలో వార్డుల విభజన మీద, ఓటర్ల జాబితాల మీద హైకోర్టులో పెద్ద సంఖ్యలో పిటిషన్లు పడ్డాయి.

హద్దులు మారినా ఎన్నిక గడువు చెడని సందర్భాలూ ఈ నేలమీదే ఉన్నాయి, వాటిని తక్కువగా గుర్తుచేసుకుంటాం. 2016లో తెలంగాణలో జిల్లాలు 31 అయినా పాత తొమ్మిది జిల్లా పరిషత్తులు యథాతథంగా కొనసాగాయి. కలెక్టరేట్లు కొత్తవి, జడ్పీ పాతది. జగిత్యాల, పెద్దపల్లి వేరే జిల్లాలైనా వాటి జడ్పీటీసీలు కరీంనగర్ సమావేశ మందిరంలోనే కూర్చున్నారు. కొత్త మండలాల్లో తహసీల్దారు కార్యాలయాలు తెరిచినా మండల పరిషత్తులు పాత హద్దుల్లోనే నడిచాయి. 2019 మేలో, ఆ తర్వాత ఏర్పడిన జిల్లాలతో కలిపి, కొత్త హద్దుల ప్రకారం 32 జిల్లా పరిషత్తులకు పోలింగ్ జరిగింది. ఎన్నికైనవారు పాతవారి గడువు ముగిసేదాకా ఆగి జులై 5న బాధ్యతలు తీసుకున్నారు. ఒక్క రోజు ఖాళీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడూ ఇదే పద్ధతి పాటించారు. అంతకు ముందు ఏడాదే ఎన్నికైన 13 జిల్లా పరిషత్తులను విడదీయకుండా ఉంచారు. బయటి ఉదాహరణ కావాలంటే, ఇంగ్లండులో 1972 చట్టంతో స్థానిక సంస్థలను తిరిగి కూర్చినప్పుడు కొత్త కౌన్సిళ్లకు 1973లోనే ఎన్నికలు జరిగాయి. అవి దాదాపు ఏడాదిపాటు పాతవాటి పక్కనే ఉండి అప్పగింతలకు సిద్ధమై, 1974 ఏప్రిల్ 1న అధికారం తీసుకున్నాయి. ముందు ఎన్నిక, తర్వాత రద్దు. ఈ క్రమం తప్పనంత కాలం ఓటరుకు నష్టం లేదు.

న్యాయస్థానాల మాట మొదటినుంచీ దాదాపు ఒకటే. అహ్మదాబాద్ నగరపాలక సంస్థలో వార్డుల పెంపు వల్ల ఎన్నిక ఆగిన కిషన్ సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఐదేళ్ల గడువును దాటరాదని స్పష్టం చేసింది. ప్రభుత్వం సహకరించకపోతే కోర్టుకు రావాలని ఎన్నికల సంఘాలకు చెప్పింది. మధ్యప్రదేశ్‌కు సంబంధించిన సురేశ్ మహాజన్ కేసులో 2022లో మరో అడుగు వేసి, పునర్విభజన పూర్తికాలేదన్న కారణంతో ఎన్నిక ఆపొద్దని, ఉన్న హద్దులతోనే జరపాలని ఆదేశించింది. తేదీ ఎవరు నిర్ణయించాలన్న తగవు ఆంధ్రప్రదేశ్‌లో రెండు వైపుల నుంచీ వచ్చింది. 2020 మార్చిలో కొవిడ్ కారణంగా ఎన్నికల సంఘం వాయిదా వేస్తే ప్రభుత్వం వద్దంది. 2021 జనవరిలో సంఘం జరుపుతానంటే ప్రభుత్వం ఆగమంది. రెండుసార్లూ సుప్రీంకోర్టు సంఘం నిర్ణయాన్నే నిలబెట్టింది. ఆ విధంగా తేదీ మీద సంఘం మాట గట్టిపడింది. హద్దుల మీద మాత్రం దానికి మాట లేదు.

ఎన్నిక ఆగినప్పుడు కలిగే నష్టాన్ని ఊళ్లో చూడాలి. ప్రత్యేకాధికారిగా వచ్చేది సాధారణంగా ఎంపీడీవోనో, తహసీల్దారో, వ్యవసాయ శాఖ అధికారో. సొంత ఉద్యోగం ఉండగానే నాలుగైదు ఊళ్ల బాధ్యత మీద పడుతుంది. వారానికోసారి వచ్చే అధికారి వీధి దీపం, బోరు మోటారు, చెత్త ట్రాక్టరు డీజిల్ బిల్లు చూడగలడు గానీ, ఏ వీధికి ముందు సీసీ రోడ్డు వేయాలన్న తగవు తీర్చలేడు. ఆ పని ఓటు అడిగి గెలిచినవాడిది. దీనికి డబ్బు నష్టం తోడవుతుంది. పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లు ఎన్నికైన పాలకవర్గాలు ఉన్న సంస్థలకే దక్కేలా నిబంధన పెట్టారు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిసిన తెలంగాణ పల్లెల్లో ఆ నిధులు నిలిచిపోయాయి. అక్కడ బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇస్తూ 2025 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వును అక్టోబరు 9న హైకోర్టు నిలిపివేసింది. చివరకు 50 శాతం పరిమితిలోనే డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పోలింగ్ జరిగింది. దాదాపు రెండేళ్ల ఖాళీ.

వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు పనులను రాష్ట్ర ఎన్నికల సంఘాలకే అప్పగించాలని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో సిఫారసు చేసింది. కేరళలో స్థానిక సంస్థల వార్డుల పునర్విభజనకు రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షతన ప్రత్యేక కమిషన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆ పని ఇంకా ప్రభుత్వ శాఖలే చేస్తున్నాయి. హద్దులు గీసే కలం ప్రభుత్వం దగ్గరున్నంత కాలం ఎన్నిక తేదీ కూడా ఆచరణలో దాని చేతిలోనే ఉంటుంది.